కొడుక్కి దక్కకూడదని రాసిన వీలునామా

చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అడిగారు కదా, "జమీందారంటే సినిమాలో లాగా ఉయ్యాలబల్ల మీద కూర్చుని మీసం మెలేయడమేనా తాతయ్యా?" అని. చాలామంది విషయంలో అంతే అనుకోండి. కానీ జమీ చూసుకుంటూనే ప్లీడరీ చేసినవాడు, రాజకీయాలూ నడిపినవాడు ఒకాయన ఉన్నాడు. లా చదివే రోజుల్లో ఆయనింటి కేసు బట్టీ పట్టి పరీక్ష రాశాను.

పేరు ప్రసన్నకుమార్ ఠాగూర్. 1801లో కలకత్తాలో పుట్టాడు. మన రవీంద్రుడి చుట్టమే. కాకపోతే రవీంద్రుడిది జొరాసాంకో శాఖ, ఈయనది పాథురియాఘాటా శాఖ.

బెంగాల్లో 1793 నుంచి ఒక పద్ధతి ఉండేది. జమీందారు కుంఫిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, కట్టాల్సిన శిస్తు ఎప్పటికీ ఇంతే అని ఖాయం చేసేశారు. గడువు రోజు పొద్దు గుంకేలోపు ఆ డబ్బు కట్టాలి. కట్టకపోతే జమీ వేలానికి పోయేది. దీన్ని సూర్యాస్తమయ చట్టం అనేవాళ్లు. మన కోస్తా జిల్లాలకీ 1802 నుంచి ఇలాంటి శాశ్వత శిస్తు పద్ధతే వచ్చింది. జమీ నిలబెట్టుకోవాలంటే లెక్కలూ చట్టాలూ తెలిసుండాలి. ప్రసన్నకుమార్ అవి ఎంత బాగా నేర్చాడంటే, సదర్ దివానీ అదాలత్‌లో, అంటే అప్పటి పెద్ద సివిల్ కోర్టులో, సర్కారు ప్లీడరు అయ్యాడు.

ఉత్సాహం ఉన్న మనిషి. సతీసహగమనం ఆపాలన్న రామమోహన్ రాయ్ పక్షాన నిలబడ్డాడు. పత్రిక నడిపాడు. 1831లో తన తోటబంగళాలో నాటకశాల పెట్టి, భవభూతి ఉత్తరరామచరితాన్ని ఇంగ్లీషులో ఆడించాడు. ఊహించుకోండి, రాముడూ సీతా ఇంగ్లీషులో మాట్లాడుకోవడం!

1838లో వచ్చిన భూస్వాముల సంఘంలోనూ, 1851లో మొదలైన బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్‌లోనూ ఆయన పెద్ద. అర్జీలు రాసి, సభలు పెట్టి తెల్లదొరలకి తమ మాట వినిపించడం అక్కడ నేర్చుకున్నారు. అయితే అవి జమీందార్ల సంఘాలు. పొలంలో దుక్కి దున్నే రైతు గోడు వాటికి ఎప్పుడో గానీ వినపడలేదు. ఇది నేను దాచి చెప్పను.

ఇక అసలు కథ. ఆయన కొడుకు జ్ఞానేంద్రమోహన్ 1851లో క్రైస్తవం పుచ్చుకున్నాడు. సతి విషయంలో అంత ముందడుగు వేసిన తండ్రి, తన గడప దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. మతం మారినా వారసత్వం పోదని అంతకుముందు ఏడాదే, 1850లో, చట్టం వచ్చింది. కాబట్టి ఊరుకుంటే ఆస్తి కొడుక్కే వస్తుంది. వీలునామా రాయాల్సిందే.

మనవైపు అయితే అదంత తేలిక కాదు. హిందువుల ఆస్తి పంపకానికి రెండు పద్ధతులుండేవి. మనది మితాక్షర. ఆ రోజుల్లో కొడుకు పుడుతూనే పిత్రార్జితంలో వాటాదారు. బెంగాల్లో దాయభాగం. తండ్రి బతికున్నంతకాలం కొడుక్కి హక్కే లేదు, పిత్రార్జితమైనా సరే తండ్రి ఇష్టం. 1862లో ఆయన వీలునామా రాశాడు. ఆస్తి అన్న కొడుకు జతీంద్రమోహన్ బతికున్నంతకాలం అతనిది, తర్వాత అతని పెద్దకొడుకుది, తర్వాత వాడి కొడుకుది... ఇలా ఇంకా పుట్టనివాళ్లకి కూడా వరసగా పంచేశాడు. అందులోనే కలకత్తా విశ్వవిద్యాలయానికి 3 లక్షల రూపాయలు కూడా రాశాడు. అక్కడి ఠాగూర్ లా లెక్చర్లు, అంటే న్యాయశాస్త్రం మీద ఉపన్యాసాలు, ఆ డబ్బుతో మొదలైనవే. చిత్రమేమిటంటే, అదే 1862లో జ్ఞానేంద్ర లండన్లో బారిస్టరయ్యాడు. మనదేశం నుంచి మొదటి బారిస్టరు ఆయనే.

1868లో తండ్రి పోయాడు. కొడుకు దావా వేశాడు. కేసు లండన్లో ప్రీవీ కౌన్సిల్ దాకా, అంటే అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు దాకా, పోయింది. 1872లో తీర్పు. కొడుకుని కాదనే హక్కు తండ్రికుంది, జతీంద్రకి ఇచ్చింది చెల్లుతుంది అన్నారు. కానీ ఆ పోయినాయన పోయే నాటికి పుట్టనే పుట్టనివాడికి రాసింది మాత్రం చెల్లదు అన్నారు. దానం పుచ్చుకోవడానికి చేతులుండాలి కదర్రా! మరి జతీంద్ర తర్వాత ఆస్తి ఎవరిది? న్యాయంగా వారసుడైన కొడుకుది. హిందూ ధర్మశాస్త్రం మీద పుస్తకాన్నే అనువదించిన మనిషి రాసిన వీలునామా సగం ఎగిరిపోయింది!

మన మద్రాసు ప్రెసిడెన్సీలో 1914లో వేరే చట్టం తెచ్చాకే పుట్టబోయేవాళ్లకి ఆస్తి రాయడం కుదిరింది. ఒకసారి ఒక పెద్దాయన పుట్టబోయే మనవడి పేర ఇల్లు రాయాలని నా దగ్గరకొచ్చాడు. కాగితాలు నా బల్ల మీద పెట్టించి, ఈ కథంతా చెప్పాను. అంతా విని, "ఇంతకీ ఆ కొడుక్కి ఆస్తి దక్కిందా ప్లీడరుగారూ?" అన్నాడు.

దక్కలేదు. జతీంద్రమోహన్ 1908 దాకా బతికాడు. జ్ఞానేంద్ర 1890లోనే ఇంగ్లండులో పోయాడు.

ఉంటాను.

మీ తాతయ్య