లోపం మనిషిలోనా, పరిస్థితిలోనా? సోషల్ వర్క్ సిద్ధాంతాల వెనుక నూరేళ్ల తర్జనభర్జన

బడి మానేసిన కౌమార వయసు పిల్లవాడి ఫైలులో సోషల్ వర్కర్లు "గుర్తింపు సంక్షోభం" (నేనెవరన్న అయోమయం) అని రాసి, ఆరు కౌన్సెలింగ్ సెషన్లు సిఫార్సు చేసి మూసేస్తారు. ఇంటి అద్దె బకాయి గురించి గానీ, తల్లి రాత్రి షిఫ్టు గురించి గానీ అందులో ఒక్క వాక్యం కూడా ఉండదు. సిద్ధాంతం తెలియక ఇలా రాస్తారని అనుకోలేం. ఏ ప్రశ్నకు జవాబుగా ఆ సిద్ధాంతం పుట్టిందో తెలియకపోవడమే చాలాసార్లు అసలు కారణం.

పేదరికానికి మూలం నడవడికలో ఉందన్న నమ్మకంతోనే ఈ వృత్తి మొదలైంది. 1869లో లండన్‌లోనూ, 1877లో అమెరికాలోని బఫెలోలోనూ ఏర్పడిన ఛారిటీ ఆర్గనైజేషన్ సొసైటీలు ఇళ్లకు స్వచ్ఛంద సందర్శకులను పంపేవి. ఒకే కుటుంబం రెండుచోట్ల సాయం పొందకుండా చూడటం, మంచి మాటలతో దారిలో పెట్టడం వాళ్ల పని. 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ ప్రారంభించిన సేవాకేంద్రం హల్ హౌస్‌ది దీనికి పూర్తిగా ఎదురు దారి. కార్యకర్తలు పేదల పేటలోనే కాపురం ఉంటూ కూలి రేట్లు, పని గంటలు, ఇరుకు ఇళ్లు, చెత్త తొలగింపు పట్టించుకున్నారు. ఇప్పటికీ తెగని వాదం ఇక్కడే మొదలైంది.

ఛారిటీ సొసైటీల నుంచే వచ్చిన మేరీ రిచ్‌మండ్ 1917లో కేస్‌వర్క్‌కు, అంటే ఒక్కో వ్యక్తి లేదా కుటుంబంతో విడిగా చేసే పనికి, ఒక పద్ధతి ఏర్పరిచారు. కుటుంబంతో పాటు బంధువులు, బడి, వైద్యుడు, యజమాని, ఇరుగుపొరుగు ఇచ్చే సమాచారాన్ని కూడగట్టి, దాన్ని మూడు రకాల సాక్ష్యంగా విడదీయాలన్నారు: స్వయంగా చూసింది, ఒకరు చెప్పగా విన్నది, ఆనవాళ్లను బట్టి ఊహించింది. ఆమె చెప్పినవాటిలో నేటికీ ఎక్కువ పనికొచ్చేది ఇదే. "తండ్రి తాగుతాడు" అన్న వాక్యం ఈ మూడింటిలో ఏ కోవకు చెందుతుందో రాయకపోతే, తర్వాత వచ్చే ప్రతి వర్కరూ దాన్ని కళ్లారా చూసిన నిజంగానే తీసుకుంటారు.

అంతకు రెండేళ్ల ముందు, 1915లో, వైద్యవిద్య సంస్కర్త అబ్రహాం ఫ్లెక్స్‌నర్ సోషల్ వర్క్ ఇంకా పూర్తి స్థాయి వృత్తి కాలేదని తేల్చేశారు. ఆ మాట గట్టిగానే తగిలింది. మాకంటూ ఒక శాస్త్రం కావాలన్న ఆరాటంలో ఉన్నప్పుడు ఫ్రాయిడ్ సిద్ధాంతం చేతికందింది. 1920లలో కేస్‌వర్కర్ల చూపు కుటుంబ ఆదాయం నుంచి బాల్యం వైపు, అణచుకున్న కోరికల వైపు మళ్లింది. 1929 తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చి, నిన్నటిదాకా ఉద్యోగం చేసుకుంటున్న లక్షలాది మంది సాయం కోసం నిలబడినప్పుడు, వాళ్లందరి కష్టానికీ బాల్యంలో కారణం వెతకడం ఎంత అర్థరహితమో బయటపడింది.

ఆ కాలంలోనే కేస్‌వర్క్ రెండు పాయలుగా చీలింది. గతాన్ని తవ్వి రోగనిర్ధారణలాంటిది చేయాలన్నది న్యూయార్క్ వర్గం. ఫ్రాయిడ్‌కు దూరమైన మనోవిశ్లేషకుడు ఒట్టో ర్యాంక్ ఆలోచనలను అందిపుచ్చుకున్న జెస్సీ టాఫ్ట్, వర్జీనియా రాబిన్సన్‌లది పెన్సిల్వేనియా వర్గం. మార్పు తేవలసింది క్లయింటేనని, సంస్థ పెట్టే గడువు, నియమం కూడా ఆ మార్పుకు సాధనాలేనని వీళ్లు వాదించారు. రోచెస్టర్‌లో పిల్లల సంస్థలో పనిచేస్తున్న మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్‌పై ఈ ప్రభావం బలంగా పడింది. మార్పుకు ఏమేం అవసరమో ఆయన 1957లో ఆరు షరతులుగా రాశారు. అందులో కౌన్సెలర్‌కు సంబంధించిన మూడు అందరి నోళ్లలో నానుతున్నాయి: లోపలా బయటా ఒకేలా ఉండటం, షరతుల్లేని ఆదరణ, సహానుభూతి. అవతలి మనిషికి ఆ ఆదరణ, సహానుభూతి కొంతైనా అందాలన్న షరతును మాత్రం చాలామంది మరచిపోతారు.

అది మరచిపోతే మిగిలేది చిలకపలుకే. "ఇంట్లో అన్నీ నేనే చూసుకోవాలి, ఎవరూ రారు" అని ఒక తల్లి అంటే, "అన్నీ మీరే చూసుకోవాల్సి వస్తోంది" అని తిరిగి అప్పజెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. "పని భారం కన్నా, అది ఎవరి కంటికీ ఆనడం లేదన్నదే ఎక్కువ బాధగా ఉన్నట్టుంది. అంతేనా అమ్మా?" అని అడిగి ఆగాలి. చివరి ప్రశ్న ముఖ్యం. మన ఊహ తప్పయితే సరిదిద్దే అవకాశం ఆమెకు దక్కేది దానివల్లే.

మనిషి ఎదుగుదలను దశలుగా చెప్పే వికాస సిద్ధాంతాల కథ కాస్త వేరు. 1950లో ఎరిక్ ఎరిక్సన్ ప్రతిపాదించిన ఎనిమిది దశలను పాసు, ఫెయిలు పరీక్షల్లా చదువుతుంటారు. ఆయన చెప్పింది మొగ్గు గురించి. మొదటి దశలో నమ్మకం, అపనమ్మకం రెండూ ఉంటూనే నమ్మకం వైపు తూగడం ఆరోగ్యం. పైగా సమాజం ఇచ్చే చోటును బట్టి ఆ తూకం మారుతుందని ఆయన గట్టిగా నమ్మారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో మనస్తత్వవేత్త పియాజే చెప్పిన దశలు ఇంటర్వ్యూ గదిలో నేరుగా అక్కరకొస్తాయి. ఏడేళ్లలోపు బిడ్డను "ఎన్నిసార్లు జరిగింది, ఏ తారీఖున" అని పదేపదే అడిగితే పెద్దల ముఖం చూసి ఏదో ఒక అంకె చెప్పేస్తుంది. పుట్టినరోజుకు ముందా తర్వాతా అన్నట్టు, తనకు తెలిసిన సంఘటనకు ముడిపెట్టి అడగాలి.

ఎక్కువగా దుర్వినియోగమయ్యేది, బిడ్డకూ సాకేవాళ్లకూ మధ్య బంధం గురించి చెప్పే అటాచ్‌మెంట్ సిద్ధాంతం. తల్లి సంరక్షణ కరవైతే పిల్లలకు జరిగే హాని గురించి జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక ఇచ్చారు. దాన్ని పరిశీలనకు అందేలా చేసింది మేరీ ఐన్స్‌వర్త్. ఆమె పద్ధతిలో ఏడాది, ఏడాదిన్నర వయసు బిడ్డతో ఎనిమిది ఘట్టాలు నడుస్తాయి. మొదటిది తప్ప మిగతావి సుమారు 3 నిమిషాల చొప్పున ఉంటాయి. తల్లి రెండుసార్లు గది విడిచి వెళ్తుంది. చూడవలసింది బిడ్డ ఏడ్చిందా లేదా అన్నది కాదు, తల్లి తిరిగొచ్చాక ఎలా ఊరట పొందింది అన్నది. బాల్టిమోర్‌లో 26 కుటుంబాల ఇళ్లకు బిడ్డ మొదటి ఏడాదంతా వెళ్లి, ఒక్కో ఇంట్లో దాదాపు 72 గంటల పాటు గమనించిన పని దీని వెనుక ఉంది. అలాంటిది, ఒక్క సందర్శనలో బిడ్డ తల్లి ఒడిలోకి వెళ్లలేదని "అటాచ్‌మెంట్ సమస్య" అని రాసేయడం అన్యాయం. ఆ మాట రేపు పిల్లల సంరక్షణ విచారణలో సాక్ష్యమై కూర్చుంటుంది.

1960ల చివరకు వచ్చేసరికి అసలు కేస్‌వర్క్ పనిచేస్తోందా అన్న ప్రశ్న లేచింది. 8 ఇంటర్వ్యూలకే పరిమితమైన సేవ అందిన కుటుంబాలు, నెలల తరబడి సేవ అందినవాటికి ఏమాత్రం తీసిపోలేదని విలియం రీడ్, ఆన్ షైన్ 1969లో చూపారు. మూడేళ్లకు రీడ్, లారా ఎప్‌స్టయిన్ టాస్క్ సెంటర్డ్ పద్ధతిని రూపొందించారు. క్లయింటు స్వయంగా చెప్పిన ఒకటి నుంచి మూడు సమస్యలు తీసుకోవాలి, గడువు ముందే చెప్పాలి, వచ్చే వారానికి ఎవరు ఏం చేయాలో ఇద్దరూ ఒప్పుకోవాలి. వర్కర్‌కు కూడా పని ఉండాలన్న నియమమే ముందుగా జారిపోతుంది.

యూరీ బ్రాన్ఫెన్‌బ్రెనర్ 1979లో బిడ్డ చుట్టూ ఇల్లు, బడి, తల్లిదండ్రుల పనిచోటు, చట్టం, సంస్కృతి పొరలుగా ఉంటాయని చెప్పాక, మరుసటి ఏడు కారెల్ జెర్మెయిన్, అలెక్స్ గిటర్‌మన్ అలాంటి చూపునే కేస్‌వర్క్‌కు అన్వయించారు. అయితే క్షేత్రంలో దీనికి చేతికందే సాధనం అంతకుముందే, 1975లో, ఆన్ హార్ట్‌మన్ ఇచ్చారు. అదే ఎకోమ్యాప్. తెల్లకాగితం మధ్యలో వృత్తం గీసి ఇంటివాళ్లను అందులో పెట్టాలి. చుట్టూ బడి, ఉద్యోగం, ఆసుపత్రి, బంధువులు, సంక్షేమ కార్యాలయం. బలమైన బంధానికి మందపాటి గీత, పలచటి బంధానికి చుక్కల గీత, ఒత్తిడి ఉన్నచోట అడ్డగాట్ల గీత. శక్తి, సాయం ఎటు పోతున్నాయో బాణం గుర్తు చెబుతుంది.

ఫైలు ముందేసుకుని వర్కర్ ఒక్కరే గీస్తే అది క్లయింటు పటం కాదు. పెన్ను వాళ్ల చేతికివ్వాలి. మన సంస్థకూ ఒక వృత్తం ఉండాలి, దానికి అడ్డగాట్లు పడితే పడనివ్వాలి. మూడు నెలలకు మళ్లీ గీయించి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ గీతా మారకపోతే, "క్లయింటు సహకరించలేదు" అని రాసేముందు, గీతకు అవతలి కొసన ఉన్న కార్యాలయం ఎన్నిసార్లు తిప్పి పంపిందో, ఏ కాగితం లేదందో కేసు రికార్డులో తేదీలతో సహా ఎక్కించాలి.