జాబితా జేబులోనే ఉండాలి

చిరంజీవులైన పిల్లలకు,

కడప నుంచి మీ అబ్బ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

పోయిన ఆదివారం మా మనవరాలు నా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక మాట అడిగింది. "అబ్బా, మీ పాత స్నేహితుల కలయికకు నువ్వు పంపిన మెయిల్‌లో తొంభై మంది అడ్రసులూ కనపడుతున్నాయి. వాళ్ళను అడిగే పెట్టినావా?"

అడగలేదు. అడగాలని కూడా నాకు తట్టలేదు. అప్పటికే ఒకాయన తన ఆపరేషన్ సంగతి నాకొక్కడికే చెబుతున్నాననుకుని 'రిప్లై ఆల్' నొక్కాడు. అది తొంభై మందికీ పోయింది. ఆయన చాలా నొచ్చుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీరూ రేపు బడి వార్షికోత్సవానికో, అక్క పెండ్లికో ఇట్లాంటి మెయిల్ పంపుతారు. అందుకే మనవరాలికి చెప్పింది మీకూ రాస్తున్నాను.

నాకు పదకొండేళ్ళప్పుడు మా చిన్నత్త పెండ్లి. పత్రికలు పంచడానికి మా నాయన సైకిల్ వెనక కూర్చుని చెన్నూరు మీదుగా పుష్పగిరి దాకా పోయాను. ఎండాకాలం కావడంతో పెన్నలో నీళ్ళు లేవు. ఇసుకలో నడిచి అవతలి గుడికి పోతుంటే కాళ్ళు కాలిపోయాయి. సంచిలోని పత్రికలకు నాలుగు మూలలా పసుపు పూసి ఉండేది. కవరు మీద పేరు చదివి నాయనకు అందించడం నా పని. ప్రతి ఇంట్లోనూ మజ్జిగ ఇచ్చేవాళ్ళు. ఎన్ని ఇండ్లు తిరిగినా, ఇంకా ఎవరెవరిని పిలుస్తున్నామో నాయన ఎక్కడా చెప్పలేదు. ఆ జాబితా మడత పెట్టి ఆయన చొక్కా జేబులో ఉండేది.

మెయిల్‌కు కూడా కవరు వేరు, లోపలి పత్రిక వేరు. మీరు 'టు'లో, 'సీసీ'లో రాసిన అడ్రసులు పత్రిక మీదనే అచ్చయినట్టు. అందుకున్న ప్రతివాడూ వాటిని చదువుకోవచ్చు. సీసీ అంటే కార్బన్ కాపీ. మా ఉద్యోగాల రోజుల్లో కాగితాల మధ్య నల్ల కార్బన్ పెట్టి టైపు కొట్టి, నకళ్ళు ఎవరెవరికి పోతున్నాయో అడుగున రాసేవాళ్ళం. ఆ పేరే ఇప్పటికీ నిలిచింది.

'బీసీసీ' (బ్లైండ్ కార్బన్ కాపీ, అంటే కనపడని నకలు) మాత్రం నాయన జేబులోని జాబితా. అందులో రాసిన అడ్రసులు మెయిల్ మోసే సర్వర్‌కు కవరు మీద రాసినట్టు తెలుస్తాయి కానీ, అందరికీ చేరే ఉత్తరంలో ఉండవు. 'టు'లో మీ అడ్రసే పెట్టుకుని, మిగిలిన వాళ్ళందరినీ బీసీసీలో వేయండి. అప్పుడు ఎవరైనా రిప్లై ఆల్ నొక్కినా జవాబు మీకే వస్తుంది.

కానీ పిల్లలూ, బీసీసీ పత్రిక మీద పేరుండదు. మా ఊళ్ళో పేరు రాయని పత్రిక ఇస్తే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకునేవాళ్ళు. ఆ చిన్నబుచ్చుకోవడం న్యాయమేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. పిలిచేటప్పుడు మనిషిని పేరు పెట్టి పిలవాలి.

దానికి మెయిల్ మెర్జ్ ఉంది. ఎక్సెల్ షీట్‌లో ఒక నిలువు వరుసలో పేర్లు, పక్క నిలువు వరుసలో అడ్రసులు రాసుకోండి. వర్డ్‌లో ఉత్తరం ఒక్కసారి రాసి, 'మెయిలింగ్స్'లోకి పోయి ఆ షీటును చూపించి, పేరు రావాల్సిన చోట పేరు గడి పెట్టండి. కంప్యూటర్‌లో మెయిల్ పంపే క్లాసిక్ ఔట్‌లుక్ ఉంటే తొంభై ఉత్తరాలు తొంభై కవర్లలో, ఒక్కొక్కరి పేరుతో విడివిడిగా పోతాయి. ఇట్లా పంపితే ఫైలు జతచేయడం కుదరదు. వేదిక, తేదీ, వేళ అన్నీ ఉత్తరంలోనే రాయాలి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం వాడేవాళ్ళకు ఈ పని చేసే యాడ్-ఆన్ (అదనంగా చేర్చుకునే పరికరం) దొరుకుతుంది.

ముందు మీకూ, మీ నాయనకూ మాత్రమే పంపి చూసుకోండి. షీటులో ఒక గడి జారితే సుబ్బమ్మ పిలుపు వెంకటప్పకు పోతుంది. నాయన కూడా ఇంటి నుంచి బయలుదేరే ముందు కవర్లన్నీ ఒకసారి నాతో చదివించేవాడు. ఒక్కరోజులో సైకిల్ తిరగగలిగిన ఊళ్ళు కొన్నే. మామూలు జీమెయిల్‌కూ అట్లాగే రోజుకు 500 మెయిళ్ళు హద్దు. అంతకు మించితే కొంతసేపు పంపనివ్వదు.

నేను ఆ తొంభై మందికీ క్షమాపణ రాశాను. ఈసారి ఒక్కొక్కరికి వేరుగా, పేరుతో రాశాను. ఆపరేషన్ అయిన ఆయనకు మాత్రం ఫోన్ చేసి మాట్లాడాను.

సర్వర్ నుంచి సర్వర్‌కు ఉత్తరం ఎట్లా చేతులు మారుతుందో అంతా నేను చెప్పలేను. మీరే చూడండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మీకు వచ్చిన ఏదైనా మెయిల్‌కు పక్కనుండే మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' తీయండి. 'రిసీవ్డ్' అని మొదలయ్యే వరుసలు కొన్ని కనపడతాయి. కవరు మీద పడే తపాలా ముద్రల్లాంటివి అవి. కింది నుంచి పైకి చదవండి, ఒక్కొక్క దాని పక్కన ఉన్న వేళ కూడా చూడండి. మేము చెన్నూరు చేరేసరికే పొద్దు నడినెత్తికి వచ్చేది. మీ ఉత్తరం ఎన్ని చేతులు మారిందో, దానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి నాకు రాయండి.

ఇట్లు,
మీ అబ్బ