చెస్‌లో ‘బాల మేధావి’ గురించి అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పిల్లలకు చెస్ నేర్పిస్తుంటాను. ఎక్కువగా వినే అపోహతోనే మొదలుపెడతా.

అపోహ: రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) పడిపోయిందంటే పిల్లోడి పని అయిపోయినట్టే.

వాస్తవం: పోయిన నెల ఒక తండ్రి ఫోన్‌లో రేటింగ్ చూపించి, “మావాడింక అంతేనా సార్?” అన్నాడు. పిల్లోడు పక్కనే తల వంచుకుని నిలబడున్నాడు. వాడి ముందు ఆ మాట అనకూడదు.

ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే లెక్క చూడండి. 18 ఏళ్లలోపు, 2300 కన్నా తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లకు కె-ఫ్యాక్టర్ 40, అంటే ఒక్క ఆటలో రేటింగ్ మహా అయితే అంత మారొచ్చు. మీవాడిది 1800, ఎదుటి పాపది 1400 అయితే, గెలిస్తే వచ్చేది మూడు పాయింట్లు. డ్రా అయితే 17 పోతాయి, ఓడితే 37. ఆ పాప బాగా ఆడేదే కావచ్చు, టోర్నమెంట్లు తక్కువ ఆడి ఉంటుందంతే. రెండు టోర్నమెంట్లలో వంద పాయింట్లు పోయినంత మాత్రాన ఎవరూ ఆట మర్చిపోరు.

అందుకే నేను స్కోర్‌షీట్లు (ఎత్తులు రాసుకున్న కాగితాలు) అడుగుతాను. ఆ పిల్లోడివి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఒక ఆటలో రూక్ (ఏనుగు) ఎండ్‌గేమ్, అంటే కొన్ని పావులే మిగిలిన చివరి దశ; వీడికి ఒక బంటు ఎక్కువ. బంటు ఏడో వరసలో, దాని ముందు తన రాజు. రూక్‌ని నాలుగో వరసకు తెచ్చి పెట్టుకుంటే చెక్‌లకు అడ్డం దొరికేది. వీడు చెక్‌లకు బెదిరి రాజుని అటూ ఇటూ తిప్పి డ్రా చేసుకున్నాడు. ఎనిమిదేళ్లప్పుడు నాలుగెత్తుల్లో మేట్‌తో, ఓపెనింగ్ ఉచ్చులతో కప్పులు గెలిచాడు కదా, ఎండ్‌గేమ్ దాకా ఆట వెళ్లనే లేదు. ఇప్పుడు ఆ ఉచ్చుల్లో ఎవరూ పడట్లేదు. మనం పతనం అనేది చాలాసార్లు ఇదే. తప్పు పిల్లోడిది కాదు, కప్పులు చూసి మురిసిపోయిన మా కోచ్‌లది.

అపోహ: మేధావులంతా మధ్యలో చల్లబడిపోతారు, అప్పటి అమెరికా మేటి ఆటగాడు పాల్ మార్ఫీలాగా.

వాస్తవం: మార్ఫీ ఆట తగ్గలేదు. 1858లో పారిస్‌లో జర్మనీ మేటి ఆటగాడు ఆండర్సన్‌ని ఏడు గెలుపులు, రెండు ఓటములు, రెండు డ్రాలతో ఓడించాడు. మరుసటి ఏడాది అమెరికాకు తిరిగెళ్లాక సీరియస్ ఆట తనే మానేశాడు. చెస్‌ని వృత్తిగా ఎంచుకోలేదు, లాయర్‌గా నిలబడాలనుకున్నాడు.

అపోహ: పదో తరగతి కోసం ఆపితే మళ్లీ రాదు.

వాస్తవం: మన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. తల్లయ్యే రోజుల్లో ఆటకు దూరంగా ఉండి, తిరిగొచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ఆడే చెస్) మహిళల టైటిల్ గెలిచారు. 2024లో మళ్లీ గెలిచారు.

ఆ పిల్లోడు ఇప్పుడు ఆదివారాలు వస్తున్నాడు. మొదటి గంటంతా బోర్డు మీద రెండు రాజులు, రెండు రూక్‌లు, ఒక బంటు, అంతే. మొన్న నేను చెక్ ఇస్తుంటే తొణక్కుండా రూక్‌ని అడ్డం పెట్టి నా మొహంలోకి చూశాడు.