బరువు తగ్గే దారిలో రాళ్లు

డైట్ మొదలుపెట్టిన కొన్ని నెలలకు కిడ్నీలో రాయి పడితే, ఆ రెండింటికీ సంబంధం ఉండవచ్చని చాలామందికి తట్టదు. తట్టినవారిలో కొందరు బరువు తగ్గడమే తప్పని తీర్మానించుకుని మళ్లీ మొదటికి వస్తారు. నిజానికి అధిక బరువే రాళ్లకు ఒక కారణం. అమెరికాలో రెండు లక్షల మందికి పైగా స్త్రీ పురుషుల ఆరోగ్య వివరాలను ఏళ్ల తరబడి పరిశీలించి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. 68 కిలోల లోపు ఉన్న మగవారితో పోలిస్తే 100 కిలోలు దాటినవారికి రాళ్లు పడే అవకాశం 44 శాతం ఎక్కువని అందులో తేలింది. స్త్రీలలో స్థూలకాయం వల్ల పెరిగే ముప్పు ఇంకా ఎక్కువగా కనిపించింది. కాబట్టి బరువు తగ్గాలనుకోవడం మంచి నిర్ణయమే. అయితే ఏది మానేసి, ఏది పెంచి తగ్గుతున్నామన్నది మన మూత్రంలో తేలుతుంది. రాయి పుట్టేది అక్కడే.

కాల్షియం, ఆక్సలేట్ (పాలకూర, బాదం వంటి వాటిలో ఎక్కువగా ఉండే పదార్థం), యూరిక్ ఆమ్లం వంటివి మూత్రంలో ఎప్పుడూ కరిగి ఉంటాయి. నీరు తగ్గినా, వీటి మోతాదు పెరిగినా ఇక కరగలేని దశ వస్తుంది, అప్పుడు స్ఫటికాలు కడతాయి. ఆ పని జరగకుండా అడ్డుకునే పదార్థాలూ మూత్రంలోనే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది సిట్రేట్. అది కాల్షియంతో కలిసి, దాన్ని ఆక్సలేట్‌కు దొరకనివ్వదు; అప్పటికే పుట్టిన స్ఫటికాన్ని పెరగనివ్వదు. ల్యాబులో మూత్రపు చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలలో ఒక రకం, తపాలా కవరును వెనక్కి తిప్పినట్టు, నాలుగు మూలల నుంచి వచ్చిన గీతలు మధ్యలో కలిసే చిన్న చదరాలుగా మెరుస్తుంది. యూరిక్ ఆమ్లం స్ఫటికాలు పసుపు, గోధుమ రంగు పలకల్లా ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ ఇవి అప్పుడప్పుడూ కనిపిస్తాయి. రిపోర్టులో ఆ మాట చూడగానే కంగారు పడాల్సిన పని లేదు. అవి రోజూ పుడుతూ, బయటికి పోకుండా కిడ్నీలో నిలిచి పెరగడమే ప్రమాదం. కిడ్నీ రాళ్లలో దాదాపు 80 శాతం కాల్షియంతో ఏర్పడేవే. వాటిలోనూ కాల్షియం ఆక్సలేట్‌దే పెద్ద వాటా.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మొదట చెప్పుకోవాల్సింది నీళ్ల గురించే. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. బరువు తగ్గాలన్న పట్టుదలతో తెల్లవారుజామున అలిపిరి మెట్లు ఎక్కేవారున్నారు. మొత్తం 3,550 మెట్లు. మోకాళ్లు సహకరిస్తే అంతకు మించిన వ్యాయామం లేదు, పైగా స్వామి దర్శనం. కానీ పైకి చేరేసరికి చొక్కా పిండితే చెమట కారుతుంది. ఆ నీరంతా మూత్రంలోకి పోవాల్సిన నీరే. దానికి తోడు ఉపవాసం. శనివారం ఒంటిపూట భోజనం, ఏకాదశి నాడు నిరాహారం ఇక్కడి ఇళ్లలో తరతరాలుగా ఉన్న నియమాలు. ఇప్పుడు వాటికి రోజుకు 16 గంటలు ఏమీ తినకుండా ఉండే కొత్త పద్ధతి చేరింది. మనం తాగే నీటిలో ఎక్కువ భాగం భోజనంతోనే ముడిపడి ఉంటుంది. అన్నం, చారు, మజ్జిగ, కూరగాయల్లో ఉన్న నీరు కూడా లెక్కలోకి వస్తుంది. పూట తగ్గినప్పుడు ఆ నీరూ తగ్గిపోతుందని ఎవరికీ తోచదు. దాహం వేయలేదు కాబట్టి సరిపోయిందనుకుంటారు.

ఎన్ని లీటర్లు తాగాలని అందరూ అడుగుతారు. ఎంత బయటికి వస్తోందని అడగడం సరైన ప్రశ్న. రాళ్లు ఒకసారి వచ్చినవారికి రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలని వైద్యులు చెబుతారు. ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగికి మూడు లీటర్ల నీళ్లతో అది సాధ్యం కావచ్చు. మామిడి తోటలో కాయలు కోసే మనిషికి ఐదు లీటర్లు తాగినా చాలకపోవచ్చు. నీళ్ల మహిమను ఇటలీ వైద్యులు మొదటిసారి రాయి పడిన 199 మంది మీద ఐదేళ్ల పాటు పరీక్షించి 1996లో ఫలితాలు ప్రచురించారు. బాగా నీళ్లు తాగించిన వర్గంలో 12 శాతం మందికి మళ్లీ రాయి వస్తే, మామూలుగా ఉన్నవారిలో 27 శాతం మందికి వచ్చింది. ఇంత చవకైన మందు మరొకటి లేదు.

ఇక మాంసం సంగతి. అన్నం పూర్తిగా మానేసి చికెన్, గుడ్లు, మటన్‌తో కడుపు నింపుకునే డైట్లు ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. మాంసకృత్తుల్లో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఉంటాయి. అవి అరిగాక శరీరంలో ఆమ్లం మిగులుతుంది. దాన్ని సరిచేయడానికి ఎముకల్లోని క్షారం కొంత ఖర్చవుతుంది, దానితో పాటు కాల్షియం బయటపడి మూత్రంలోకి చేరుతుంది. అదే సమయంలో కిడ్నీ, ఆమ్లాన్ని ఎదుర్కోవడానికి సిట్రేట్‌ను వెనక్కి లాగేసుకుంటుంది. అంటే రాయి కట్టే సరుకు పెరిగి, దాన్ని అడ్డుకునే కాపలా తగ్గిపోతుంది. మాంసంలోని ప్యూరిన్లు అనే పదార్థాలు విడిపోయి యూరిక్ ఆమ్లంగా మారతాయి కాబట్టి అదీ పెరుగుతుంది. ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్ ఎంత తగ్గితే మూత్రంలో ఆమ్లం అంత ఎక్కువని అర్థం; అది 5.5 కంటే తగ్గితే ఆ యూరిక్ ఆమ్లం సరిగా కరగదు. 2002లో పదిమంది ఆరోగ్యవంతులకు ఆరు వారాలు పిండిపదార్థాలు తగ్గించి, మాంసకృత్తులు పెంచిన ఆహారం పెట్టి చూశారు. రోజుకు 160 మిల్లీగ్రాములున్న మూత్రపు కాల్షియం 258కి చేరింది, సిట్రేట్ తగ్గింది. పదిమంది చాలా చిన్న సంఖ్య. అది రాళ్లను లెక్కపెట్టిన పరీక్ష కూడా కాదు. అయినా మార్పు ఎటువైపు ఉందో స్పష్టంగా కనిపించింది.

కీటో పద్ధతిలో ఇంకొక సంగతి ఉంది. పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే శరీరం కొవ్వును కరిగించి కీటోన్లు తయారు చేసుకుంటుంది. అవీ ఆమ్లాలే. మొదటి వారంలో మూడు నాలుగు కిలోలు తగ్గామని సంబరపడతాం గానీ అందులో ఎక్కువ భాగం నీరు. కాలేయం, కండరాల్లో గ్లైకోజన్ రూపంలో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతుంటే దాన్ని అంటిపెట్టుకున్న నీరూ పోతుంది. ఆ నీటిని తిరిగి పూరించకపోతే మూత్రం చిక్కబడుతుంది. ఈ ముప్పు పిల్లల వైద్యులకు చాలాకాలంగా తెలుసు. మందులకు లొంగని మూర్ఛవ్యాధికి కీటో ఆహారాన్ని 1920ల నుంచి వాడుతున్నారు, ఆ పిల్లల్లో కొందరికి రాళ్లు వచ్చేవి. జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి వైద్యులు మొదటి నుంచే పొటాషియం సిట్రేట్ ఇవ్వడం ప్రారంభించాక ఆ సంఖ్య 6.7 శాతం నుంచి 0.9 శాతానికి పడిపోయిందని 2009లో ప్రకటించారు. కొన్నేళ్ల కిందట తెలుగు రాష్ట్రాలను ఊపేసిన కొబ్బరినూనె డైట్‌లో రోజూ నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు కూడా ఉండేవి. ఆ రెండింటినీ వదిలేసి నూనె, మాంసం మాత్రమే పట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను. నిమ్మకాయలో ఉన్నది సిట్రేటే.

చిత్తూరులో ఉండే మా పెద్దమ్మ కూతురి ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉండేది. పొద్దున పాలకూర, కీరదోస జ్యూస్. పదకొండు గంటలకు గుప్పెడు బాదం. మధ్యాహ్నం తోటకూర వేపుడు, రెండు గుడ్లు. సాయంత్రం మళ్లీ బాదం, జీడిపప్పు. రాత్రికి బీట్‌రూట్ సలాడ్. "పాలు, పెరుగు పూర్తిగా మానేశాను, కాల్షియం ఎక్కువైతే రాళ్లు వస్తాయట కదా" అంది అక్క. అంతా ఆరోగ్యకరమైన ఆహారమే, ఒక్కటీ తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ కాగితంలో ఉన్నవన్నీ కలిపితే ఆక్సలేట్ కుప్ప అవుతుంది. పచ్చి పాలకూర వంద గ్రాముల్లోనే ఆరేడు వందల మిల్లీగ్రాములు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కూరగా వండితే కట్ట పాలకూర ఇంటిల్లిపాదికీ వస్తుంది. జ్యూస్ చేస్తే ఒక్క గ్లాసులోకే వెళ్తుంది. ఆకుకూరల జ్యూసులు అతిగా తాగి, కిడ్నీల్లో ఆక్సలేట్ పేరుకుని అవి దెబ్బతిన్న రోగుల వివరాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

అక్క చేసిన రెండో పని మొదటిదానికన్నా పెద్ద పొరపాటు. రాయిలో కాల్షియం ఉంది కాబట్టి కాల్షియం మానేయాలన్నది వినడానికి సబబుగానే ఉంటుంది, ఒకప్పుడు వైద్యులూ అలాగే చెప్పారు. కానీ జరిగేది వేరు. భోజనంలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టుకుంటుంది. ఆ జంట రక్తంలోకి వెళ్లకుండా మలంతో బయటికి పోతుంది. కాల్షియం లేకపోతే ఆక్సలేట్ ఒంటరిగా రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి చేరుతుంది. 1993లో 45 వేల మందికి పైగా అమెరికన్ మగవారి మీద చేసిన అధ్యయనంలో, ఆహారంలో కాల్షియం ఎక్కువగా తీసుకున్నవారికే రాళ్లు తక్కువగా వచ్చాయి. అంతకన్నా గట్టి రుజువు 2002లో ఇటలీ నుంచి వచ్చింది. మళ్లీ మళ్లీ రాళ్లు వచ్చే 120 మంది మగవారిని రెండు భాగాలు చేశారు. ఒక వర్గానికి కాల్షియం తగ్గించారు. రెండో వర్గానికి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం ఉంచి మాంసం, ఉప్పు తగ్గించారు. ఐదేళ్లలో మొదటి అరవై మందిలో 23 మందికి, రెండో అరవై మందిలో 12 మందికి మళ్లీ రాయి వచ్చింది.

నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే: పెరుగును కంచంలోంచి తీసేయకండి. వెన్న తీసిన మజ్జిగ అయినా ఫరవాలేదు, అందులో కొవ్వు పోతుంది గానీ కాల్షియం పోదు. ఒక కప్పు పెరుగులో 250 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. ఆకుకూర తిన్న పూటే అది కడుపులో పడాలి. ఉదయం జ్యూస్ తాగి రాత్రి పెరుగు తింటే ఆ రెండూ ఎదురుపడవు. పాలకూర పప్పు, ఆ తర్వాత మజ్జిగన్నం అన్న మన భోజన క్రమం ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది. రాయలసీమ రాగి సంగటిని కూడా బరువు పేరు చెప్పి తీసేయనవసరం లేదు, ముద్ద పరిమాణం తగ్గిస్తే చాలు. రాగులు వంద గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. రాళ్లు వచ్చే గుణం ఉన్నవారు పాలకూర, తోటకూర, బచ్చలిని రోజూ కాకుండా అప్పుడప్పుడూ తినాలి. మిగతా రోజుల్లో మెంతికూర, బీర, సొర, పొట్ల ఉండనే ఉన్నాయి.

పెరుగన్నంలో నంజుకునే ఊరగాయ దగ్గర మాత్రం జాగ్రత్త. మూత్రంలోకి సోడియం ఎంత ఎక్కువ పోతే అంత కాల్షియాన్ని వెంట తీసుకుపోతుంది. రోజుకు అన్నిటిలో కలిపి ఐదు గ్రాముల ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు కంచంలో ఉన్న పూట ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. చప్పిడి డైట్ తినలేక పచ్చడితో సర్దుకునేవారు ఈ విషయం గమనించాలి.

మాత్రల గురించి క్లుప్తంగా చెబుతాను. విటమిన్ సి శరీరంలో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. 2013లో ప్రచురించిన స్వీడన్ అధ్యయనంలో, ఆ మాత్రలు వాడే మగవారికి రాళ్లు దాదాపు రెండు రెట్లు వచ్చాయి. ఉసిరికాయలు, జామకాయలు తినేవారికి ఆ భయం లేదు. కాల్షియం మాత్రలు వాడాల్సి వస్తే భోజనంతో పాటు వేసుకోవాలి. కొవ్వు ఒంటికి పట్టకుండా చేసే ఆర్లిస్టాట్ మాత్రలు, పేగును దారి మళ్లించే బరువు ఆపరేషన్లు కూడా ఆక్సలేట్‌ను పెంచుతాయి. పేగులో మిగిలిపోయిన కొవ్వు కాల్షియాన్ని పట్టేసుకోవడంతో ఆక్సలేట్‌ను పట్టుకునేవారు ఉండరు.

టమాటా గింజలే రాళ్లవుతాయన్న నమ్మకం మన ప్రాంతంలో బలంగా ఉంది. మదనపల్లె మార్కెట్ పక్కన ఉంటూ టమాటా మానేసినవారు కూడా ఉన్నారు. అది అనవసరం. టమాటాలో ఆక్సలేట్ చాలా తక్కువ, గింజకు రాయికి సంబంధం లేదు. ఉలవచారు, అరటిదూట రసం రాళ్లను కరిగిస్తాయంటారు. కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే ఆహారం ఏదీ లేదు. ఐదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి, ఆ సమయంలో తాగిన రసానికి పేరు వస్తుంది. యూరిక్ ఆమ్లం రాయి మాత్రం వేరు. మూత్రంలో ఆమ్లం తగ్గించే మందులతో అది నిజంగానే కరుగుతుంది.

అందుకే రాయి పడిపోయినప్పుడు దాన్ని పారేయకూడదు. మూత్రాన్ని వడగట్టి రాయిని పట్టుకుని, అది ఏ రకమో పరీక్ష చేయించాలి. తిరుపతిలోని స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో యూరాలజీ, నెఫ్రాలజీ వేర్వేరు విభాగాలు. రాయిని తీయడం మొదటివారి పని. అది ఎందుకు మళ్లీ మళ్లీ వస్తోందో తేల్చడానికి రెండోవారి దగ్గరికి వెళ్లాలి. జ్వరంతో కూడిన నడుము నొప్పి వచ్చినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అలాంటిదేమీ లేకుండా, ఇంతకుముందు రాయి వచ్చి ఇప్పుడు డైట్ చేయాలనుకునేవారు 24 గంటల మూత్ర పరీక్ష గురించి డాక్టరును అడగడం మంచిది. ఒక రోజంతా వచ్చిన మూత్రాన్ని ల్యాబువారు ఇచ్చిన క్యానులో పట్టి ఇస్తే కాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, యూరిక్ ఆమ్లం, సోడియం ఎంతెంత ఉన్నాయో విడివిడిగా తెలుస్తుంది. డైట్ మొదలుపెట్టకముందు ఒకసారి, మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు మరోసారి చేయించుకోవాలి. ఆ రోజు పరీక్ష ఉందని ప్రత్యేకంగా నీళ్లు ఎక్కువ తాగడం, మాంసం మానేయడం పనికిరాదు. మామూలుగా తినేదే తినాలి, మామూలుగా తాగినన్నే తాగాలి.