లేటెక్‌లో కోడ్‌కి రంగులు: అపోహలు, వాస్తవాలు

తెలుగులో ప్రోగ్రామింగ్ పాఠాలు రాసి, లేటెక్‌లో (ఆదేశాలు రాస్తే పేజీలు కూర్చిపెట్టే సాఫ్ట్‌వేర్) పేజీలు కూర్చడం నా పని. కొత్తగా చేరినవాళ్లు కోడ్ పేజీ దగ్గరే ఆగిపోతారు. వాళ్ల నోట పదే పదే వినేవి ఇవి.

అపోహ: లేటెక్‌లో కోడ్‌కి రంగులేసే లిస్టింగ్స్ ప్యాకేజీకి కోడ్ అర్థమవుతుంది.

కాదు. ఒక్కో భాషకి ఒక పదాల పట్టిక, కామెంట్‌కీ (మనుషుల కోసం రాసే వివరణ) స్ట్రింగ్‌కీ (కోడ్‌లోని పాఠం ముక్క) మొదలూ చివరా చెప్పే గుర్తులు, దాని దగ్గరున్నవి అంతే. 1996 నాటి ఈ ప్యాకేజీతో వచ్చే పట్టికల్లో జావాస్క్రిప్ట్ లేదు. అందుకే ఆ పేరు రాయగానే ఎర్రర్ వస్తుంది. కొత్త భాషని మనమే నేర్పాలి: లెట్, కాన్‌స్ట్, ఎసింక్, ఎవెయిట్ లాంటి పదాలు కీవర్డ్‌లని (ఆ భాషలో ప్రత్యేక అర్థమున్నవి), రెండు స్లాష్‌ల తర్వాతది కామెంట్ అని, బ్యాక్‌టిక్‌ల మధ్యది స్ట్రింగ్ అని. పది లైన్ల పని. ఒకసారి రాసి దాచుకుంటే ప్రతి పుస్తకానికీ పనికొస్తుంది.

అపోహ: స్క్రీన్ మీద బాగుంటే అచ్చులోనూ బాగుంటుంది.

ఒక విద్యార్థి ప్రాజెక్ట్ రిపోర్ట్‌కి రంగులు ముచ్చటగా పెట్టుకున్నాడు: కీవర్డ్‌లు మెజెంటా, కామెంట్లు ఆకుపచ్చ. జిరాక్స్ షాపులో బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీసి స్పైరల్ బైండింగ్ చేయించాక చూస్తే రెండూ ఒకే బూడిద రంగు. లెక్క కట్టి చూపించాను. ఎరుపులో 0.299, ఆకుపచ్చలో 0.587, నీలంలో 0.114 వంతులు కలిపితే బూడిద రంగు వస్తుంది. 0 అంటే నలుపు, 1 అంటే తెలుపు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో అతని ఆకుపచ్చ 0, 0.6, 0 కాబట్టి 0.35. మెజెంటా 1, 0, 1 కాబట్టి 0.41. ఆ తేడా కంటికి ఆనదు.

కాబట్టి ముందు రంగు లేకుండా తేడా చూపించండి: కీవర్డ్‌లకి బోల్డ్, కామెంట్లకి ఇటాలిక్. రంగు ఆ పైన. ఇక్కడే ఇంకో చిక్కు. లేటెక్ మామూలుగా ఇచ్చే కంప్యూటర్ మోడర్న్ టైప్‌రైటర్ ఫాంట్‌కి బోల్డ్ లేదు. మీరు బోల్డ్ అడిగినా పేజీలో ఏమీ మారదు, సెట్టింగ్ తప్పేమోనని గంటలు పోతాయి. బెరా మోనోకో ఇన్‌కన్సొలాటాకో మారండి.

అపోహ: కోడ్‌కి రంగులేసే మరో ప్యాకేజీ మింటెడ్ వాడాలంటే షెల్ ఎస్కేప్ (లేటెక్ బయటి ప్రోగ్రామ్‌లని నడిపేందుకు ఇచ్చే అనుమతి) తెరవక తప్పదు.

పాత వెర్షన్లలో నిజమే. మింటెడ్ రంగుల పనిని పైథాన్‌లో రాసిన పిగ్మెంట్స్ అనే ప్రోగ్రామ్‌కి అప్పగిస్తుంది, అందుకు బయటి ప్రోగ్రామ్ నడపాలి. 2024లో వచ్చిన మూడో వెర్షన్‌తో, కొత్త టెక్ లైవ్ (లేటెక్‌ని ఇన్‌స్టాల్ చేసే కట్ట) ఉంటే, ఆ తలుపు బార్లా తెరవక్కర్లేదు. ఎవరో పంపిన ఫైల్‌ని మాత్రం షెల్ ఎస్కేప్‌తో ఎప్పుడూ నడపకండి.

అపోహ: కోడ్‌లో తెలుగు కామెంట్లు పెట్టలేం.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మొదటిసారి ప్రోగ్రామ్ చూసే పిల్లాడికి 'ఇక్కడ జీతం లెక్కిస్తున్నాం' అని తన భాషలో కనిపిస్తే ఆ లైన్ వెంటనే దగ్గరవుతుంది. వీలుకాదనుకుని దాన్ని ఇంగ్లీషులోకి మార్చేస్తున్నారు.

లిస్టింగ్స్‌కి ఇది చేతకాదన్నది నిజం. యూనికోడ్ అక్షరాలు చదవగల లేటెక్ రకం జీలేటెక్‌లో నడిపితే తెలుగు అక్షరాలు చోటు తప్పి అటూ ఇటూ అవుతాయి. టెక్స్‌సీఎల్ ఆప్షన్ పెడితే కామెంట్‌ని మామూలు పాఠంలా కూరుస్తుంది, తెలుగు నిలబడుతుంది. కానీ కామెంట్‌లో అండర్‌స్కోర్ ఒక్కటి పడినా కంపైల్ ఆగుతుంది.

నేను మింటెడ్ వాడతాను. పిగ్మెంట్స్ యూనికోడ్‌ని సరిగా చదువుతుంది. పైథాన్ 3లో 'జీతం' అన్నది చెల్లే వేరియబుల్ పేరు, దాన్నీ పేరుగానే గుర్తిస్తుంది. ఇక మిగిలింది ఫాంట్. కోడ్ ఫాంట్లలో సాధారణంగా తెలుగు ఉండదు. అలాంటిదే మరో లేటెక్ రకం లువాలేటెక్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ని ఫాల్‌బ్యాక్‌గా (కోడ్ ఫాంట్‌లో లేని అక్షరాలకి బదులుగా) ఇచ్చి, అక్షరాలని వత్తులతో సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ మోడ్, తెలుగు స్క్రిప్ట్ రెండూ చెప్పండి.

తెలుగు అక్షరాలకి ఒకే వెడల్పు ఉండదు. లైన్ చివర కామెంట్ పెడితే తర్వాత వచ్చేదేదీ నిలువు వరుసలో ఉండదు. కామెంట్‌ని కోడ్‌కి పై లైన్‌లో రాయండి. మన అక్షరాన్ని బలవంతంగా వాలిస్తే వత్తులు చెడతాయి కాబట్టి తెలుగు కామెంట్లకి ఇటాలిక్ మానేసి, 0.4 బూడిద రంగు చాలనుకోండి.

పుస్తకం మొత్తం కంపైల్ చేసే ముందు 'స్త్రీ', 'క్షేత్రం' అన్న రెండు పదాలతో ఒక పేజీ తీసి చూడండి. వత్తులు విడిపోయి పొల్లులు కనిపిస్తే స్క్రిప్ట్ సెట్టింగ్ అందలేదన్నమాట.