బటన్ ఎవరి చేతిలో? పోలీసు బాడీ కెమెరా నిబంధనల నేపథ్యం

మిర్యాలగూడలో పెద్ద బట్టల షోరూమ్ నడిపే వ్యాపారికి సీసీ కెమెరాలు పెట్టుకోవడం, మానుకోవడం తన ఇష్టం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం గుమిగూడే దుకాణాలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, గుళ్లలో కెమెరాలు ఉండాలి. ఫుటేజీ 30 రోజులు దాచాలి, ఇన్‌స్పెక్టర్ అడిగితే ఇవ్వాలి. తర్వాత ‘నేను సైతం’ పేరుతో ఊళ్లలో చందాలు వేసుకుని మరీ కెమెరాలు బిగించారు. జనాన్ని చూసే కెమెరాకు ఇంత పక్కా లెక్క ఉంది. పోలీసు ఛాతీ మీద పెట్టుకునే కెమెరాను ఎప్పుడు ఆన్ చేయాలి, రికార్డింగ్ ఎన్నాళ్లు ఉంచాలి, ఎవరు చూడొచ్చు అని చెప్పే ప్రత్యేక చట్టం మాత్రం రాష్ట్రంలోనూ లేదు, దేశంలోనూ లేదు. శాఖ లోపలి ఆదేశాలు, కోర్టు తీర్పులు, కొత్త చట్టంలో ఒకటి రెండు సెక్షన్లు, అంతే.

దీనికి మూలం కెమెరాలు లేని కాలంలోనే ఉంది. 1996 డిసెంబరులో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకు నియమాలు పెట్టింది. అరెస్టు మెమో రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, 48 గంటలకోసారి డాక్టర్‌కు చూపించాలి. అన్నీ కాగితం మీది రక్షణలే. మరుసటి ఏడాది మార్చిలో ఎన్‌కౌంటర్ మరణాలపై జాతీయ మానవ హక్కుల కమిషన్ రాష్ట్రాలకు మార్గదర్శకాలు పంపింది. వాటికి కారణమైన ఫిర్యాదు మన పౌర హక్కుల సంఘానిదే. అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఆ ఫిర్యాదు దేశమంతటికీ నియమాలు తెచ్చింది.

కాగితం ఎక్కడ ఆగిపోతుందో మన జిల్లాలే చూపించాయి. 2015 ఏప్రిల్ 7న ఐదుగురు విచారణ ఖైదీలను వరంగల్ నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తుంటే, అప్పటి నల్గొండ జిల్లా ఆలేరు దగ్గర పోలీసు వాహనంలోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధం లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. చేతులకు బేడీలతో సీట్లలోనే ఒరిగిపోయి ఉన్న మృతదేహాల ఫొటోలు పేపర్లలో అందరూ చూశారు. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. వాహనం లోపల ఏం జరిగిందో చెప్పడానికి ఎస్కార్ట్ పోలీసులు తప్ప ఎవరూ మిగల్లేదు.

నాలుగేళ్ల తర్వాత షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి. 2016కు ముందు షాద్‌నగర్ మహబూబ్‌నగర్ జిల్లాదే. పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో పోలీసు కాల్పుల్లో చనిపోయిన నలుగురు నిందితులూ ఇప్పటి నారాయణపేట జిల్లా పల్లెల పిల్లలే. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున కాల్పులు జరిగితే రాష్ట్రమంతా పూలు చల్లింది. వారం తిరక్కుండానే సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్‌ను నియమించింది. పిస్టళ్లు లాక్కుని కాల్చారన్న పోలీసుల కథనం నమ్మదగ్గది కాదని, చంపాలనే కాల్చారని, పది మంది పోలీసులపై హత్య కేసు నడపాలని కమిషన్ తేల్చింది. ఆ నివేదిక బయటికొచ్చింది 2022 మేలో. ఆ తెల్లవారుజాము నిమిషాలు మొదటి నుంచి చివరిదాకా రికార్డయి ఉంటే అందరికీ నిజం అప్పుడే తెలిసేది, పోలీసులతో సహా. జరిగిన అత్యాచారం, హత్య ఎంత ఘోరమో నాకు తెలుసు. ఆ కుటుంబానికి కూడా న్యాయం కోర్టులోనే జరగాల్సింది.

ఈ మధ్యలో 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో జస్టిస్ నారిమన్ ధర్మాసనం గట్టి తీర్పే ఇచ్చింది. ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఎస్సై గది, వెనక భాగం, ఏదీ కెమెరాకు దూరంగా ఉండకూడదు. రాత్రిపూట కూడా కనపడాలి, మాటలూ వినపడాలి. ఫుటేజీ 18 నెలలు ఉంచాలి, అంత సామర్థ్యం లేకపోతే కనీసం ఏడాది. షోరూమ్ యజమానికి 30 రోజులని గుర్తుంచుకోండి. ఈ కెమెరాలను పర్యవేక్షించే జిల్లా కమిటీలో ఎస్పీ, కలెక్టర్‌తో పాటు జిల్లా పరిషత్ అధ్యక్షులో, మేయరో ఉండాలి.

ఆరు నెలలు గడిచాయి. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌కు దొంగతనం అనుమానంతో తీసుకెళ్లిన ఒక దళిత వంట మనిషి చనిపోయింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగంలోంచి తీసేశారు. హైకోర్టు చెప్పాక పూడ్చిన శవాన్ని బయటికి తీసి మళ్లీ పోస్టుమార్టం చేశారు. తీర్పు ఉన్న దేశంలోనే, తీర్పు వచ్చిన ఏడాది లోపే. స్టేషన్లలో కెమెరాలు పనిచేయడం లేదని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టే తనంతట తాను మళ్లీ కేసు చేపట్టాల్సి వచ్చింది.

పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత ఒక అడుగు ముందుకు వేసింది. ఇదివరకు దేవరకొండ తండాలో ఇంటి సోదా అంటే ఇద్దరిని పంచులుగా, అంటే సాక్షులుగా నిలబెట్టి, దొరికినవి రాసి, కింద సంతకాలు తీసుకోవడమే. రేపు కోర్టులో ఆ పంచులు ‘మాకు చదివి వినిపించలేదు’ అంటే కేసు అక్కడే నీరుగారేది. ఇప్పుడు 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం, జాబితా రాయడం, సాక్షుల సంతకాలు అన్నీ వీడియో తీయాలి, వీలైతే మొబైల్‌తో. ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. మంచిదే. కానీ ఈ సెక్షన్ సోదాకు మాత్రమే. రోడ్డు మీద తనిఖీకి, లాఠీచార్జికి, అర్ధరాత్రి ఇంటికొచ్చి లేపుకెళ్లడానికి ఇది వర్తించదు. బాడీ కెమెరా అసలు అవసరం అక్కడే.

హైదరాబాద్‌లో బాడీ కెమెరా ట్రాఫిక్ పోలీసులతో మొదలైంది. అంటే చలాన్ గొడవలో పోలీసుకు సాక్ష్యంగా వచ్చింది. అందులో తప్పేం లేదు, తాగి మీదపడేవాళ్ల నుంచి కానిస్టేబుల్‌కూ రక్షణ కావాలి. కానీ అదే కెమెరా పౌరుడికీ సాక్ష్యం కావాలంటే బటన్ మీద నియమం ఉండాలి. చాలా మోడళ్లలో బటన్ నొక్కగానే అంతకు ముందు అర నిమిషం దృశ్యం కూడా సేవ్ అవుతుంది. అసలు నొక్కకపోతే ఏదీ మిగలదు. అమెరికాలో, బ్రిటన్‌లో జరిపిన పరిశోధనను 2016లో ప్రచురించారు. మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేసిన చోట పోలీసుల బలప్రయోగం 37 శాతం తగ్గింది. ఎప్పుడు ఆన్ చేయాలో పోలీసు ఇష్టానికి వదిలేసిన చోట 71 శాతం పెరిగింది. వాషింగ్టన్ నగరంలో రెండు వేలమందికి పైగా పోలీసులపై చేసిన అధ్యయనమైతే 2017లో చెప్పుకోదగ్గ తేడాయే కనపడలేదంది. కెమెరాలు కొనడంతో పని అయిపోదని ఇంతకన్నా ఏం చెప్పాలి? నా దృష్టిలో, ఆన్ చేయకపోతే ఎందుకు చేయలేదో అధికారి రాతపూర్వకంగా చెప్పాలన్న ఒక్క నియమం వెయ్యి కెమెరాలతో సమానం.

ఫుటేజీ అడిగే దారి కూడా ఇరుకే. దర్యాప్తుకు ఆటంకమంటూ సమాచార హక్కు దరఖాస్తును తోసిపుచ్చొచ్చు. 2023 డేటా రక్షణ చట్టం నేరాల నివారణ, దర్యాప్తు పనులకు మినహాయింపు ఇచ్చింది. కస్టడీలో దెబ్బలు తిన్నవాళ్లు మానవ హక్కుల కమిషన్‌కు వెళ్తే, కమిషన్ స్టేషన్ ఫుటేజీని వెంటనే తెప్పించుకోవచ్చని 2020 తీర్పు చెప్పింది. మన రాష్ట్ర కమిషన్‌కు 2022 డిసెంబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా ఛైర్మనే లేరు. ఇప్పుడు ఉన్నారు. స్టేషన్ లోపల దెబ్బ తగిలినవాళ్లు ఫిర్యాదులో తేదీ, సమయం, ఏ గదిలో జరిగిందో రాసి, ఆ ఫుటేజీ చెరపకుండా ఉంచమని మొదటి రోజే లిఖితపూర్వకంగా అడగాలి. రోడ్డు మీద దెబ్బ తగిలినవాళ్లకు అలా అడగడానికి చూపించే నియమం ఇంకా లేదు.