పెరట్లో చెట్ల కొమ్మలు కొట్టించే ముందు: అపోహలు, వాస్తవాలు

చెన్నైలో ఇళ్లకు వెళ్లి చెట్ల కొమ్మలు కత్తిరించడం, పెరటి మొక్కలు చూసుకోవడం నా పని. పెరంబూరు, కొళత్తూరు, అంబత్తూరు వైపు తెలుగు కుటుంబాలు చాలామంది పిలుస్తుంటారు. పిలిచేది మాత్రం ఎక్కువగా మే నెలలోనే. పిల్లలకు సెలవులు, ఊరి నుంచి తాతయ్య వాళ్లు వచ్చి ఉంటారు, అందరం కలిసి పెరడు శుభ్రం చేద్దాం అనుకుంటారు. ఇంటిల్లిపాదీ పెరట్లోకి దిగడం మంచిదే. కానీ చెట్టుకు ప్రతి కోతా ఖర్చే. ఆ గాయాన్ని మూసుకోవడానికి అది దాచుకున్న ఆహారాన్ని తీసి వాడుకోవాలి. ఎందుకు కొడుతున్నామో, ఎక్కడ కొడుతున్నామో తేలకుండా కత్తి తీయొద్దనే నేను చెప్పేది.

అపోహ: ఎండాకాలంలో కొమ్మలు కొట్టేస్తే చెట్టుకు నీళ్లు తక్కువ పడతాయి, ఎండకు తట్టుకుంటుంది.

వాస్తవం: ఆకు తగ్గితే నీటి వాడకం తగ్గే మాట నిజమే. కానీ ఆహారం తయారయ్యేదీ ఆ ఆకులోనే. పైగా ఏళ్ల తరబడి నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా నలభై డిగ్రీల ఎండకు బయటపడుతుంది. పడమటి వైపు బెరడు మాడి, పగిలి, పెచ్చులుగా ఊడుతుంది. కాండం తొలిచే పురుగు చేరేది అక్కడే. అసలు ఎడారిలో కాపురం ఉండేవాళ్లు ఏం చేస్తారో చూడండి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో నిమ్మ, నారింజ చెట్లకు కింది కొమ్మలు తీయకుండా నేల దాకా వదిలేస్తారు, కాండానికి నీడ ఉండాలని. బయటపడిన కాండానికి తెల్ల రంగు పూస్తారు. మన పెద్దవాళ్లు కర్తరిలో చెట్టు మీద కత్తి పెట్టొద్దన్నారు. ఇక్కడి వాళ్లు అగ్ని నక్షత్రం అనేదీ అవే రోజులు, సుమారుగా మే 4 నుంచి 28 దాకా. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి, చెట్ల విషయంలో అది పక్కా లెక్క. ఎండిపోయిన కొమ్మనైతే ఎప్పుడైనా తీయొచ్చు.

దీనికి కొందరు రాజస్థాన్ సంగతి ఎత్తుతారు: థార్ ఎడారిలో ఖేజ్రీ చెట్టును ఏటా బోడి చేస్తారు కదా అని. చేస్తారు. ఆ ఖేజ్రీ మరేదో కాదు, మనం దసరాకు పూజ చేసే జమ్మి. మేకలకు, ఒంటెలకు మేత కోసం కొడతారు, అదీ చలికాలంలో. దాని వేరు నీటి కోసం చాలా లోతుకు దిగుతుంది. అయినా అలా కొట్టిన చెట్టు ఆ ఏడు సరిగ్గా కాయదు. కూరకు కాయలు కావాలనుకున్న చెట్టును అక్కడి రైతులు కొట్టకుండా వదిలేస్తారు. జమ్మి ఓర్చుకుందని మామిడి మీద అదే ప్రయోగం చేయకూడదు.

అపోహ: తల నరికితే చెట్టు గుబురుగా, బలంగా పెరుగుతుంది.

వాస్తవం: గుబురుగా వచ్చే మాట నిజం, బలంగా అన్నది అబద్ధం. మొండి చేసిన చోట బెరడు కింది నుంచి పదీ పదిహేను కొమ్మలు ఒకేసారి నిలువుగా లేస్తాయి. అవి పైపైనే అతుక్కుని ఉంటాయి. కింద మోడులో కుళ్లు మొదలవుతుంది, పైన బరువు పెరుగుతుంది. రెండు మూడేళ్లకు గాలి వస్తే అవే కారు మీద పడతాయి. ఒక ఏడాదిలో పచ్చటి ఆకుల్లో నాలుగో వంతుకు మించి తీయకూడదు. ముసలి చెట్టయితే ఇంకా తక్కువ. మునగ మాత్రం వేరు. కాపు అయ్యాక గట్టిగా కొట్టినా చిగురేసి మళ్లీ కాస్తుంది.

అపోహ: కొమ్మను కాండానికి ఆనించి నున్నగా కోసి, పైన పేడో తారో పెయింటో పూయాలి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. కొమ్మ కాండంలో కలిసే చోటికి దగ్గరగా వెళ్లి చూడండి. చొక్కా చేయి భుజం దగ్గర మడత పడినట్టు, అక్కడ బెరడు కాస్త ఉబ్బి ముడతలుగా ఉంటుంది. గాయాన్ని మూసే కణాలు ఉండేది ఆ ఉబ్బులోనే. కాండానికి ఆనించి కోస్తే అది కాస్తా పోతుంది. అలాగని జానెడు మోడు వదిలినా చెట్టు దాన్ని మూయలేదు, అది ఎండి కుళ్లుతుంది. ఆ ఉబ్బుకు సరిగ్గా బయట కోయాలి. లావు కొమ్మయితే మూడు కోతలు: కాండానికి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు దాకా మొదటిది, దానికి కాస్త అవతల పై నుంచి రెండోది. కొమ్మ పడిపోయాక, మిగిలిన మోడును ఉబ్బు బయట కోసేది మూడోది. కింది కోత లేకపోతే కొమ్మ పడుతూ పడుతూ కాండం బెరడును ఒక మూర పొడవున చీల్చుకుపోతుంది.

ఇక పూతల సంగతి. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువునా కోసి లోపల చూశాడు. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, కుళ్లు పాకకుండా చుట్టూ గోడ కట్టుకుని కొత్త చెక్కను పెంచుకుంటుందని చూపించాడు. తారు, పెయింటు దానికి సాయపడవు, లోపల తడిని పట్టి ఉంచుతాయి. పండ్ల తోటల్లో మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూసేది ఫలానా తెగులు కోసం, దాని లెక్క వేరు. సరిగ్గా కోసిన చోట కొన్నాళ్లకు చుట్టూ గుండ్రటి అంచు లేస్తుంది. మీ చెట్టుకు అది కనిపిస్తే పని బాగా చేసినట్టే.

అపోహ: తుపానుకు ముందు కొబ్బరి మట్టలన్నీ కొట్టించాలి.

వాస్తవం: కొబ్బరి నెలకు సుమారు ఒక మట్ట వేస్తుంది, ఒక్కో మట్ట మొదట్లో ఒక గెల వస్తుంది. పచ్చ మట్ట తీస్తే రాబోయే కాయల తిండి తీసినట్టే. ఆ పచ్చి గాయాల వాసనకు ఎర్ర ముక్కు పురుగు వస్తుంది. అది మొవ్వు దాకా పోతే చెట్టు దక్కదు. ఎండి వేలాడే మట్టలు, ఇంటి మీదకు ఒరిగిన కాయలు దించితే చాలు.

తుపాను అంటే ఇక్కడ అందరికీ 2016 డిసెంబరు 12 నాటి వర్దా గుర్తొస్తుంది. నగరంలో వేల చెట్లు ఒరిగాయి. చెట్టు ఎంత ఎత్తో వేరు అంత లోతని మనవాళ్లు ధైర్యంగా ఉంటారు. నిజానికి వేర్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి పాకి ఉంటాయి. ప్రహరీ కోసమో కాలువ కోసమో ఒక పక్క వేర్లు నరికి, కాండం చుట్టూ సిమెంటు పోస్తే, పైన ఎంత కొట్టించినా ఆ చెట్టు నిలబడదు. కాండం చుట్టూ కనీసం నాలుగడుగుల మట్టి వదలండి.

అపోహ: రోజూ చెట్టు మొదట్లో ఒక బకెట్ నీళ్లు పోస్తే చాలు.

వాస్తవం: అలా పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి. ఫీనిక్స్‌లో ఒక సూత్రం చెబుతారు: చిన్న మొక్కలకు ఒక అడుగు, పొదలకు రెండు, చెట్లకు మూడు అడుగుల లోతు దాకా నేల తడవాలి, తర్వాత ఆరనివ్వాలి. పాదును కాండం దగ్గర కాదు, కొమ్మల చివర్ల కింద గుండ్రంగా తీయండి. నీళ్లు పెట్టిన మర్నాడు ఒక ఇనుప చువ్వ గుచ్చి చూడండి. తడి ఉన్నంత మేర సులువుగా దిగుతుంది. తిరువాన్మియూరు వైపు ఇసుక నేలల్లో త్వరగా ఆరుతుంది, బంకమట్టిలో నిదానంగా.

రాలిన ఆకును కాల్చకండి. దాన్ని ఆ పాదులోనే నాలుగు వేళ్ల మందాన పరిచి, కాండానికి జానెడు ఎడం ఉంచండి. ఇది పిల్లలకు అప్పగించదగ్గ పని. నిచ్చెన, రంపం, ఇనుప గడ మాత్రం వాళ్ల చేతికి ఇవ్వొద్దు. మునక్కాయలు కోయడానికి కూడా ఇనుప గడ వద్దు, పైన కరెంటు తీగ ఉంటే ప్రాణమే పోతుంది. తీగకు తగిలే కొమ్మ ఉంటే విద్యుత్ ఆఫీసులో చెప్పి లైను ఆపించాకే ఎవరినైనా ఎక్కించండి. గేటు బయట వీధిలో ఉన్న చెట్టు కార్పొరేషన్‌ది, దాని మీద చేయి వేయాలంటే వాళ్ల అనుమతి కావాలి. ఇక మీ మామిడికి కోత అయిపోయాక జూన్, జూలైలో పిలవండి. అప్పుడు కత్తిరిస్తే ఇక్కడి అక్టోబరు వానల్లోపు చిగురు ముదిరి, డిసెంబరు, జనవరిలో పూతకు అందుతుంది.